సాగనంపుడు వచ్చు, ఎదుర్కోళ్ళే రావు మన బడులకు

ట్రాన్స్‌ఫర్ల సీజన్ వచ్చిందంటే మా టీచర్ల వాట్సాప్ గ్రూపులన్నీ శాలువాలతోని నిండిపోతయ్. పూలదండలు, మెమెంటోలు, పిల్లలు సార్‌ని పట్టుకొని ఏడుస్తున్న వీడియోలు, కొన్ని ఊర్లల్లనైతే డప్పులు కొట్టిచ్చి ట్రాక్టర్ మీద ఊరేగించి మరీ సాగనంపుతరు. నాకేం అభ్యంతరం లేదు, ఆ ఏడుపు నిజమైనదే, పిల్లలకు నటించుడు రాదు. నా పంచాయితీ వేరే. ఆ సార్ పోయిన తెల్లారి అదే గేట్ల నుంచి ఇంకో మనిషి బ్యాగు ఏసుకొని లోపటికొస్తడు గదా, ఆయన ఫోటో ఎవరి ఫోన్లనన్న ఉందా?

2024 జులైలో మంచిర్యాల జిల్లా జన్నారం మండలం పొనకల్ ప్రైమరీ స్కూల్ ముచ్చట మీకు యాదికుండే ఉంటది. పిల్లలు మస్తు ఇష్టపడే సార్ ఒకాయన దగ్గర్లనే ఉన్న అక్కపెల్లిగూడకు ట్రాన్స్‌ఫర్ అయితే వంద మందికి పైగా పిల్లలు పాత బడి ఇడిసిపెట్టి ఆయన వెంబడే పోయి ఆ బడిల చేరిన్రు. పేపర్లు, టీవీలు, యూట్యూబ్ ఛానళ్ళు అన్నీ ఆ సార్‌ని ఆకాశానికెత్తినయ్, ఎత్తాల్సిందే, గవర్నమెంట్ బడి టీచర్‌కు అంత ప్రేమ దొరుకుడు చిన్న విషయం గాదు. కానీ ఆయన జాగల పొనకల్‌కు వచ్చినోళ్ళు, సగం ఖాళీ అయిన గదుల్ల నిలబడి హాజరు పిలిచినోళ్ళు, వాళ్ళ గురించి ఒక్క వార్త నేనైతే చూడలే. వాళ్ళు చేసిన తప్పేంది? కౌన్సెలింగ్‌ల ఆ ఊరి పేరు పెట్టుకొనుడే.

నేను హనుమకొండల ఉండి ములుగు దిక్కు ఒక హైస్కూల్‌ల సోషల్ చెప్త. పొద్దుగాల హనుమకొండ బస్టాండ్ల ఏటూరునాగారం బస్ ఎక్కితే సగం బస్ టీచర్లే ఉంటరు, 2023 డిసెంబర్‌ల మహిళలకు ఫ్రీ బస్ వచ్చినకాన్నుంచి అయితే మా మేడంలు ములుగు దాక నిలబడే వస్తున్నరు. ఆ బస్సుల విన్న మాటలే ఈ వ్యాసం సగం అనుకోండి. అందులో కొత్తగా జాయిన్ అయినోళ్ళు చెప్పేది వింటుంటే నాకు ఒక్కటే అనిపిస్తది: కొత్త మనిషి బడిల కుదురుకొనుడు ఆ మనిషి సొంత కష్టం అని అందరం ఒప్పేసుకున్నం. అది బడి బాధ్యత, ముందుగాల హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం)ది, తర్వాత స్టాఫ్‌ది, ఆ తర్వాత ఊరిది అని ఎవ్వలం అనుకుంటలేం. లగ్గంల ఎదుర్కోళ్ళకు అంత హడావిడి చేసే మనం, మన పిల్లలకు చదువు చెప్పనీకి వచ్చినోళ్ళ ముంగట మాత్రం ఒక రిజిస్టర్ పెట్టి సంతకం చేయమంటం, అంతే.

మా దిక్కు కొత్త టీచర్లు ఎప్పుడూ ఏదో ఒక గవర్నమెంట్ నిర్ణయం తోసుకొస్తేనే వస్తరు. 2016 అక్టోబర్‌ల పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019 ఫిబ్రవరిల ములుగు వేరే జిల్లా అయింది, గానీ ఏ ఉద్యోగి ఏ జిల్లా అన్న లెక్క 2021 డిసెంబర్‌ల 317 జీవో వచ్చేదాక తేలలే. సీనియార్టీ ప్రకారం ఆప్షన్లు అన్నరు. సీనియర్లు హనుమకొండ, వరంగల్ రాసుకున్నరు, జూనియర్లు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌ల తేలిన్రు. అట్ల వచ్చినోళ్ళ మొఖాలు నాకింకా గుర్తే. ఆలుమగల ఉద్యోగాలు రెండు జిల్లాలల్ల, పిల్లల స్కూల్ ఇంకో కాడ, వచ్చేటప్పుడే కోపంతోని వచ్చిన్రు. ఇక్కడోళ్ళకు ఇంకో రకం కోపం, వీళ్ళొచ్చి ఖాళీలన్నీ నింపేస్తే మన జిల్లా పోరగాండ్లు డీఎస్సీ ఎట్ల కొట్టాలె అని. రెండూ న్యాయమైన కోపాలే. జీవో రాసినోళ్ళ మీద ఉండాల్సిన కోపాన్ని స్టాఫ్‌రూంల ఒకళ్ళ మీద ఒకళ్ళు తీర్చుకున్నం, చాలా బడులల్ల అదే జరిగింది. 317ల వచ్చిన సార్ అనే పేరు కొందరికి ఇప్పటికీ పోలే, మనిషికి సొంత పేరు ఉన్నదన్న సంగతే మర్చిపోయినట్టు.

తర్వాత 2024 డీఎస్సీ. 2017ల టీఆర్‌టీ అనే పేరుతోని 8,792 టీచర్ పోస్టులు వేసినంక మళ్ళ పెద్ద రిక్రూట్‌మెంట్ అంటే ఇదే, 11,062 పోస్టులు. సెప్టెంబర్ 30న రిజల్ట్స్, అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంల సీఎం చేతుల మీదుగా ఆర్డర్లు, దసరా కాంగనే కౌన్సెలింగ్, జాయినింగ్. స్టేడియంల చప్పట్లు, ఇంట్ల స్వీట్లు, ఊర్ల ఫ్లెక్సీ, అన్నీ బాగనే ఉన్నయ్. బళ్ళకొచ్చినంక ఏమైందో చూడాలె. విద్యా సంవత్సరం జూన్‌ల మొదలైతది, వీళ్ళొచ్చింది అక్టోబర్ నడుమ, సగం ఏడాదికి పెట్టే ఎస్‌ఏ-1 పరీక్షలు నెత్తి మీద ఉన్నయ్. ఏ పిల్లగాడు ఏ లెవెల్‌ల ఉన్నడో చెప్పేటోళ్ళు లేరు. అంతట్లనే నవంబర్ మొదటి వారంల ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది, ప్రైమరీ టీచర్లను (ఎస్‌జీటీలను) ఇండ్లు తిరిగి వివరాలు రాసుకునే ఎన్యుమరేటర్లుగా వేసిన్రు, ప్రైమరీ బడులు ఒంటిపూట.

మా ఆవరణలనే ఉన్న ప్రైమరీ స్కూల్‌కు వచ్చిన కొత్త మేడం అయితే పిల్లల పేర్లు నేర్చుకునేలోపే ఊరోళ్ళ ఇంటిపేర్లు, కులాలు, భూముల లెక్కలు రాసుకునుడు మొదలువెట్టింది. మేమంతా అయ్యో పాపం అన్నం. కానీ మేం ఎవ్వలం అనుకోని పని ఒకటి ఆ సర్వేతోని అయింది. ఆమె ప్రతి ఇంటి గడప తొక్కింది. రోజూ లేటుగ వచ్చే పిల్ల పొద్దున బర్రెలను ఇడిసి వస్తదని, ఎప్పుడూ మాట్లాడని పోరనికి తల్లి లేదని, నాయినమ్మకు తెలుగు సరిగ రాదని, ఇవన్నీ ఆమెకు తెలిసినయ్, ఏండ్ల సంది అదే బడిల ఉన్న మావోళ్ళకు తెల్వదు. ఊరోళ్ళు గూడ ఆమెను గుర్తువట్టిన్రు, కొత్త టీచరమ్మ అని చాయ్ తాగిపిచ్చిన్రు. జూన్‌ల చేరినోళ్ళకు, పిల్లలను బడిల చేర్పించే బడిబాట పేరు మీద ఈ తిరుగుడు ఎంతో కొంత దొరుకుతది, అది గూడ కరపత్రాలు పంచి ఫోటోలు దిగే తిరుగుడైతే దండగ. అందుకే నేనంటున్న, కొత్త టీచర్‌ను మొదటి పదిహేను రోజుల్లనే ఎవరో ఒక పాత టీచర్ తోలుకపోయి ఊరు తిప్పాలె. వాడవాడకు, తండాకు, గూడెంకు. ఎవ్వరి ఆర్డర్ అక్కర్లేదు దీనికి, రెండు సాయంత్రాలు చాలు.

మరి ఇప్పుడు మన దగ్గర కొత్తోళ్ళను నిజంగ ముందుగాల కలిసేదెవరో తెలుసా? టీచర్ల సంఘాలోళ్ళు. మెంబర్‌షిప్ బుక్కు, డైరీ, క్యాలెండర్ పట్టుకొని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వస్తరు, ఒక్కో సంఘం ఇంకో సంఘం ఎంత దరిద్రమో చెప్తది. వాళ్ళ వెనకాల ఇన్సూరెన్స్ ఏజెంట్లు, చిట్టీలోళ్ళు, పర్సనల్ లోన్ ఇప్పిస్తమనేటోళ్ళు. మొదటి జీతం ఇంకా పడనే పడదు, దాన్ని ఎట్ల ఖర్చువెట్టాలెనో చెప్పనీకి నలుగురు తయారు. (సంఘాలను తీసిపారేస్తలేను, ఎంప్లాయ్ ఐడీ, పింఛన్ ఖాతా ప్రాన్ నంబర్, ట్రెజరీ బిల్లు, ఈ చక్రంల పడి నెలల తరబడి జీతం రాని కొత్త టీచర్లకు దారి చూపించింది చాలాచోట్ల సంఘం నాయకులే. కానీ అది చేయాల్సింది ఆఫీసు గదా.)

ఇగ బడి లోపట. కొత్తగా వచ్చిన ఆడ టీచర్ మొదటి రోజు మనసుల అడగాల్సిన ప్రశ్న ఏంటిదో ప్రతి మేడంకు తెలుసు, ప్రతి మగ హెచ్‌ఎంకు తెల్వదు. టాయిలెట్ ఏది, నీళ్ళొస్తయా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది. ఇది అడగలేక పొద్దుగాల నుంచి నీళ్ళు తాగకుండ సాయంత్రం బస్ ఎక్కేటోళ్ళున్నరు. ఆ తాళంచెవి కొత్త మనిషి చేతుల పెట్టి ఇగో ఇది నీది గూడ అని ఒక సీనియర్ మేడం చెప్తే శాలువా కన్నా వెయ్యి రెట్లు నయం. అన్నం ఎక్కడ తినాలె, మంచినీళ్ళ క్యాన్‌కు నెలకెంత ఇయ్యాలె, సాయంత్రం ఆఖరి బస్ తప్పితే ఎవరిని అడగాలె, ఇవి ఎవ్వలం చెప్పం, అవే తెలుస్తయ్ లే అంటం.

తర్వాత పని పంచుడు. మీకు కంప్యూటర్ వస్తది గదా మేడం, ఈ ఒక్క మాటతోని ఆన్‌లైన్ పనులన్నీ కొత్తోళ్ళ నెత్తిన పడతయ్. బడి వివరాలెక్కించే యూడైస్ ఎంట్రీ, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, మధ్యాహ్న భోజనం రోజువారీ లెక్క, ఇప్పుడు 2025 ఆగస్టు నుంచి టీచర్లకు గూడ ఫేస్ అటెండెన్స్ వచ్చినంక సిగ్నల్ లేని కాడ ఎవరి ఫోన్ల యాప్ పనిచేయకున్నా పిలుపు వాళ్ళకే. పైనుంచి ఎవ్వరికీ వద్దన్న క్లాసు వాళ్ళకే ఇస్తరు. ఆరో తరగతికి వచ్చి పేరు రాయరాని పిల్లలున్న సెక్షన్ సీనియర్ తీసుకోవాలె అసలైతే, అనుభవం ఉన్నోళ్ళకే అది చేతనైతది, కానీ సీనియర్లకు టెన్త్ కావాలె, ఎందుకంటే రిజల్ట్ వస్తే సన్మానం ఉంటది. ఆరో తరగతికి సన్మానాలుండవ్.

ఇంకో దెబ్బ ఉన్నది, అది పిల్లల నుంచి వస్తది, అయితే నేర్పేది మనమే. పాత సార్ ఇట్ల చెప్పకపోయె, పాత సార్ అయితే ఆటకు ఇడిసిపెట్టేది. కొత్తోళ్ళ ముంగటనే మనం గూడ పాత సార్‌ను పొగుడుకుంట కూసుంటం, ఆయనుంటే ఇట్లయ్యేది గాదు అని. పిల్లలు విననే వింటరు. మా దగ్గర లెక్కల సార్ పోయినప్పుడు మా హెచ్‌ఎం సార్ చేసిన పని నాకు నచ్చింది, వీడ్కోలు మీటింగ్ కొత్త సార్ జాయిన్ అయ్యేదాక ఆపిండు, ఇద్దరినీ ఒక్కటే రోజు ప్రేయర్‌ల నిలబెట్టిండు, పోయే సార్ చేతనే వచ్చే సార్ గురించి చెప్పిపిచ్చిండు. నా కన్నా ఈయనకు జామెట్రీ బాగొస్తది, మీరు అదృష్టవంతులు అని ఆయన అన్నడు. నిజమో అబద్ధమో మాకెవ్వరికీ తెల్వదు గానీ ఆ ఒక్క మాటతోని కొత్త సార్‌కు పిల్లల పోలిక బాధ సగం తగ్గింది. రిలీవింగ్‌కు జాయినింగ్‌కు నడుమ టైం కుదరని కాడ పోయే సార్‌తోని ఒక కాయితం రాపిచ్చుకోవచ్చు, ప్రతి పిల్లగాని మీద రెండు లైన్లు. ఈ అమ్మాయికి ఫిట్స్ వస్తయ్, ఈ పిలగానికి బోర్డు కనవడది కానీ చెప్పడు, ఈ అన్నదమ్ములను ఒక్క బెంచి మీద కూసోవెట్టొద్దు. సర్వీస్ రిజిస్టర్ ఒక బడి నుంచి ఇంకో బడికి పోతది, జీతం లెక్క చెప్పే ఎల్‌పీసీ పోతది, పిల్లల గురించి తెలిసినదంతా మాత్రం ఆ సార్ బండి మీద ఆయనతోనే పోతది.

డీఎస్సీల 95 శాతం లోకల్ గదా, జిల్లా పిల్లలే వస్తరు, వాళ్ళకు కొత్తగ చెప్పేదేముంటది అనేటోళ్ళున్నరు. ములుగు జిల్లా అంటే ఒక్కటే ఊరా? ములుగు పక్కన రోడ్డు మీది ఊర్ల పుట్టి పెరిగిన పిల్లకు, తాడ్వాయి అడివిల ఉన్న కోయ గూడెం బడికి పోస్టింగ్ వస్తే ఒకటో తరగతి పిల్లలు ఆమె చెప్పేది కాకుండ ఆమె మొఖం చూస్తరు, ఎందుకంటే ఇంట్ల మాట్లాడేది కోయ భాష. తండాలల్ల లంబాడీ. గోదారి ఒడ్డు మండలాలల్ల మార్చి వస్తే మిర్చి ఏరుడు, తల్లిదండ్రులతోని పిల్లలు గూడ పోతరు, ఆ నెల హాజరు తగ్గిందని కొత్త టీచర్ తనదే తప్పనుకొని భయపడుతది. మేడారం జాతర రెండేండ్లకోసారి వస్తది, పేరుకు నాలుగు రోజులే, కానీ మా రోడ్డు మీద నెల ముందల నుంచే బస్ టైమింగ్స్ నమ్మేతట్టు ఉండదు, పిల్లలు సగం మంది అమ్మవార్ల కాడనే ఉంటరు. ఇవి ఏ ట్రైనింగ్‌ల చెప్పరు. మండల రిసోర్స్ సెంటర్‌ల మూడు రోజులు కూసోవెట్టి పీపీటీలు చూపిస్తరు, అందులో మిర్చి ఉండదు, జాతర ఉండదు.

ఇంతసేపు టీచర్ల గురించే మాట్లాడినం చూడండి, నేను గూడ. బడికి కొత్తగా వచ్చేది టీచర్లేనా? వంట అక్కలు మారుతరు, స్వీపర్లు మారుతరు, చుట్టుపక్కల బడులు చూసుకునే సీఆర్‌పీ మారుతడు, ఆడపిల్లల కస్తూర్బా బడులల్లనైతే (కేజీబీవీ) మొత్తం స్టాఫ్ కాంట్రాక్టే. మధ్యాహ్న భోజనం వండే అక్కకు నెలకు 3,000 గౌరవ వేతనం, అంతకు ముందు వెయ్యే ఉండేది. బిల్లులు లేటైతే కిరాణా కొట్టుల ఉద్దెర ఆమె పేరు మీదనే ఉంటది. కొత్తగ వంట పని తీసుకున్న అక్కకు గ్యాస్ ఎట్ల బుక్ చేయాలె, గుడ్డు ఏయే రోజు పెట్టాలె, మాస్టర్ సంతకం ఎప్పుడు తీసుకోవాలె అని కూసోవెట్టి చెప్పినోళ్ళు ఎవరు? పప్పుల నీళ్ళెక్కువైతే చెప్పనీకి మాత్రం స్టాఫ్ మొత్తం వస్తది. బడి ఊడ్చే వాళ్ళ కథ ఇంకా అన్యాయం. 2020ల కరోనాతోని బడులు మూతవడ్డప్పుడు స్కావెంజర్లను తీసేసిన్రు, పంచాయతీ సిబ్బందితోని చేపియ్యుండ్రి అన్నరు, వాళ్ళు ఊరు ఊడ్చుకునేసరికే మధ్యాహ్నం అయ్యేది, చాలాచోట్ల పిల్లలూ టీచర్లే చీపుర్లు పట్టిన్రు. 2024ల మళ్ళ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పిల్లల సంఖ్యను బట్టి గ్రాంట్ మొదలైంది, ముప్పై మంది లోపు పిల్లలుంటే నెలకు 3,000. అట్ల మా బడికి ఒక అక్క వచ్చింది. కొత్త సార్ వచ్చినప్పుడు ప్రేయర్‌ల చప్పట్లు కొట్టిన పిల్లలకు, ఈ అక్క వచ్చిన సంగతి బాత్రూం వాసన తగ్గినంకనే తెలిసింది. పేరు ఏందని అడిగితే సగం స్టాఫ్‌కు తెల్వదు. ఆమె మనవరాలు మా దగ్గరనే ఏడో తరగతి, ఆ పిల్ల ముంగట ఆమెను ఓయ్ అని పిలుస్తున్నరు.

నేను ఇట్ల మాట్లాడితే మా సీనియర్లు చెప్పే జవాబు నాకు కంఠస్తం. మమ్ముల్ని ఎవరు ఎదుర్కొన్నరు, కాల్వలు దాటి, సైకిల్ మీద పోయి కొలువు చేసినం, ఎవ్వడు అడగలే అంటరు. నిజమే, వాళ్ళ కష్టం తక్కువది గాదు, అప్పట్ల అన్నలు (నక్సలైట్లు) ఒక దిక్కు, పోలీసులు ఒక దిక్కు ఉన్న అడివి ఏజెన్సీ ఊర్లల్ల పనిచేసినోళ్ళున్నరు అందులో. మీరు పడ్డరు గదా, మరి వాళ్ళకెందుకు అదే కావాలె అంటే మాత్రం జవాబు రాదు. ఇంకో వాదన కొంచెం గట్టిది: ఎంత మంచిగ చూసుకున్నా రెండేండ్లు నిండంగనే ట్రాన్స్‌ఫర్‌కు పెట్టుకొని హనుమకొండ దిక్కు పోతరు, ఎనిమిదేండ్లయితే ఎట్లయినా కదలాల్సిందే, ఎందుకీ సంబురం? ఇది కొట్టిపారేసే మాట గాదు. పోయేటోళ్ళు పోతరు, పిల్లల చదువో తల్లిదండ్రుల ఆరోగ్యమో లాగుతది. కానీ నేను బస్సుల చూస్తున్న గదా, ఏ బడిల అయితే మొదటి నెల ఒంటరిగ ఇడిసిపెట్టిన్రో ఆ బడి టీచర్ జాయిన్ అయిన తెల్లారి నుంచే ట్రాన్స్‌ఫర్‌కు ఎన్ని పాయింట్లు వస్తయో లెక్కవెట్టుకుంట కూసుంటది. ఉన్న ఆ రెండేండ్లైనా పిల్లల మీద మనసు పెట్టాలె గదా, ఐదో తరగతి పిల్లకు రెండేండ్లంటే చిన్నది గాదు, చదువుడు వచ్చుడో రాకపోవుడో అండ్లనే తేలుతది.

ఇంకోటి, కొత్తోళ్ళ తప్పులు లేవంటలేను. కొందరు ప్రైవేట్ స్కూళ్ళల్ల, కోచింగ్ సెంటర్లల్ల చెప్పి వచ్చిన్రు, మాకు అన్నీ తెలుసన్నట్టే ఉంటరు, పాత మేడంను మీకు స్మార్ట్ బోర్డ్ రాదా అని పిల్లల ముంగట అడిగినోడు ఉన్నడు. అట్లాంటోనికి గూడ ఒకటే మందు, వాన్ని ఒక పీరియడ్ ఆ మేడం క్లాసుల వెనక బెంచి మీద కూసోవెట్టుడు. మన బడులల్ల ఇన్స్‌పెక్షన్‌కు వస్తే తప్ప ఒకళ్ళ క్లాసుకు ఇంకొకళ్ళు పోవుడే లేదు, తలుపు మూసుకున్నంక ఎవరి రాజ్యం వాళ్ళదే. ఇరవై ఐదేండ్లు చెప్పిన మేడం ఒక్క చూపుతోని క్లాసును ఎట్ల నిమ్మలపరుస్తదో చూస్తే వానికి స్మార్ట్ బోర్డ్ యాదికి రాదు. ఆమె గూడ ఒకరోజు వాని క్లాసుకు పోవాలె, అది గూడ అంతే ముఖ్యం.

మొన్న స్టాఫ్ మీటింగ్‌ల ఇవన్నీ చెప్పిన, రెండు మూడు ఒప్పుకున్నరు. కొత్తగ ఎవరొచ్చినా మొదటి టర్మ్ ఆన్‌లైన్ పనులు ఇయ్యొద్దని, ఒక సీనియర్ జత ఉండాలెనని, పోయేటోళ్ళు పిల్లల మీద కాయితం రాసి పోవాలెనని. కాయితం దగ్గర తెలుగు సార్ కొంచెం గునిగిండు, ఇంకో రికార్డా అని, మళ్ళ ఒప్పుకున్నడు. ఆరో తరగతి సీనియర్లు తీసుకునే ముచ్చట మాత్రం మీద మీదనే పోయింది, ఎవ్వలూ నా దిక్కు చూడలే. ఆఫీస్ రూం బయట స్టాఫ్ పేర్ల బోర్డు ఉంటది గదా, దాన్ని కొత్తగ రాపిద్దాం అన్నరు, వంట అక్కల పేర్లు, ఊడ్చే అక్క పేరు గూడ రాయాలెనని అడిగిన. అది పోస్టింగ్ ఉన్నోళ్ళ బోర్డు మేడం, రేపు ఆడిట్‌ల అడిగితే ఎట్ల అన్నరు ఒక సార్. ఏ ఆడిట్‌ల బోర్డు చూస్తరో నాకైతే తెల్వదు. హెచ్‌ఎం సార్ చూద్దాం అన్నడు. పెయింటర్ శనివారం వస్తడట, ఆలోపల పేర్లు సాఫ్‌గ రాసి ఆయన టేబుల్ మీద పెడుత.